రెండడుగుల రీఫ్ ట్యాంక్‌లో ఎనిమోన్ పెట్టొచ్చా? ఆదివారం లోపు తేల్చుకోవాలి

వనస్థలి_రీఫ్:

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకోండి.

ఎనిమోన్, అంటే పువ్వులా కనపడే సముద్రపు ప్రాణి, నా రీఫ్ ట్యాంక్‌లో (పగడాలు, అంటే కోరల్స్ పెంచే ఉప్పునీళ్ళ ట్యాంక్) పెట్టొచ్చా అన్నది నా ప్రశ్న. ముందే ట్యాంక్ వివరాలు చెప్పేస్తాను, లేకపోతే ఎలాగూ అడుగుతారు. పొడవు 24 అంగుళాలు, వెడల్పు 15, ఎత్తు 15. లెక్క ప్రకారం 88 లీటర్లు. రాళ్ళూ ఇసుకా పోను నేను పోసిన నీళ్ళు 70 లీటర్లే, క్యాన్‌తో కొలిచి పోశాను కాబట్టి ఇందులో అనుమానం లేదు. నీళ్ళు పోసి ఐదు నెలలైంది. రాళ్ళు సిరామిక్‌వి. వెనక హ్యాంగ్ ఆన్ ఫిల్టర్, ఎడమ గోడకి ఒక వేవ్‌మేకర్ (నీళ్ళని కదిలించే పంపు), పైన ఎల్‌ఈడీ లైట్. సాలినిటీ (నీళ్ళ ఉప్పదనం) 1.025, నైట్రేట్ 15 దగ్గర ఆడుతోంది. మా బోరు నీళ్ళు రాళ్ళు కరిగించినట్టు ఉంటాయి, అందుకని ఆర్వో తర్వాత డీఐ (మిగిలిన లవణాలు కూడా తీసేసే ఫిల్టర్) కూడా పెట్టించాను, టీడీఎస్ మీటర్ సున్నా చూపిస్తోంది. ఇప్పుడు ఫిబ్రవరి కాబట్టి నీళ్ళ వేడి 26. మేలో సంగతి నాకు తెలియదు, నా మొదటి ఎండాకాలం ఇదే.

ఉన్న ప్రాణులు: రెండు ఓసెల్లారిస్ రకం క్లౌన్ చేపలు, ఒక క్లీనర్ రొయ్య, నాలుగు నత్తలు. మెత్తటి కోరల్స్ కూడా ఉన్నాయి: జోయాంథిడ్‌లు రెండు గుత్తులు, మష్రూమ్‌లు, ఒక చిన్న టోడ్‌స్టూల్ లెదర్.

అసలు విషయం. రాత్రి లైట్ ఆపగానే క్లౌన్‌లు రెండూ హీటర్ వెనక మూలకి వెళ్ళి, నీళ్ళ అంచున పక్కకి ఒరిగి పడుకుంటాయి. చూస్తే అద్దె ఇల్లు దొరకని కొత్త జంటలా అనిపిస్తుంది. పాప రెండో తరగతి. దాని క్లాసు పుస్తకంలో బొమ్మ ఉంది, క్లౌన్ చేప ఎనిమోన్ మధ్యలో. "మనవాటికి ఇల్లెప్పుడు కొంటావ్ నాన్నా" అని రోజూ అడుగుతోంది.

పోయిన ఆదివారం ఉప్పు కోసం షాపుకి వెళ్తే అక్కడ ఒకటి ఉంది. అరచేయంత సైజు. పాలలా తెల్లగా, కొసలు మాత్రం వంకాయ రంగు. చూస్తే కళ్ళు తిప్పుకోలేకపోయాను. బబుల్ టిప్ రకం అన్నాడు, 2,500 చెప్పాడు. పక్క తొట్టిలో కార్పెట్ ఎనిమోన్ కూడా ఉంది, అది 1,800. "ఏదైనా పర్లేదు సార్, మీ లైట్‌కి బతుకుతుంది, వారానికో రొయ్య ముక్క పడేస్తే చాలు" అన్నాడు. ఈ ఆదివారం దాకా ఎవరికీ అమ్మనని మాటిచ్చాడు.

మా ఆవిడ మాత్రం, "మొన్న చేపలకి ఏసీ అడిగావు, ఇప్పుడు పువ్వుకి కూలర్ అడుగుతావా" అంటోంది.

70 లీటర్లలో ఇది బతుకుతుందా? బతికితే ఆ రెంటిలో ఏది? అసలు క్లౌన్‌లకి ఇది లేకపోవడం లోటేనా, లేక నాకే అలా అనిపిస్తోందా?

నానో_బ్రో:

పెట్టేయండి అన్నా. నాది 50 లీటర్లే, బబుల్ టిప్ పెట్టి మూడు నెలలైంది, సూపర్‌గా ఉంది. రెండో రోజే క్లౌన్ ఎక్కి కూర్చుంది. ఇక్కడ సీనియర్లు అన్నిటికీ వద్దు వద్దు అంటారు, అవన్నీ వింటే ఈ హాబీలో ఉప్పు ప్యాకెట్ కూడా కొనలేం. ఇంగ్లాండ్‌లో ఎవరో ఒక ఎనిమోన్‌ని గాజు జాడీలో అరవై ఏళ్ళు పెంచారంట. జాడీలో! మీది 70 లీటర్లు, ఇంకేం టెన్షన్.

జోడుగుళ్ళపాలెం:

వనస్థలి గారూ, "పాలలా తెల్లగా" అన్న దగ్గరే నేను ఆగిపోయాను. అది దాని అందం కాదండీ, జబ్బు. ఈ ఎనిమోన్‌ల ఒంట్లో జూజాంథెల్లే అనే కంటికి కనపడని నాచు కాపురం ఉంటుంది. లైటు తీసుకుని అది వండే దాంట్లోంచే ఎనిమోన్‌కి ఎక్కువ తిండి. ఆ నాచు వల్లే ఒంటికి గోధుమ రంగో, మట్టి రంగో, ఆకుపచ్చో వస్తుంది. తెల్లగా అయిందంటే దారిలో ఎక్కడో వేడికో, చీకటికో తట్టుకోలేక ఆ నాచుని బయటకి వదిలేసిందని. అంటే వంటగది మూసేసిన ఇల్లు. కొందరు అలాంటివాటికే పసుపు, గులాబీ రంగులు పట్టించి కూడా అమ్ముతారు. కోలుకునేవి ఉంటాయి, కానీ వాటికి నెలల తరబడి రోజూ చిన్న చిన్న ముక్కలు పెట్టాలి, పెట్టినదంతా నీళ్ళలో చెత్తై చేరుతుంది. 70 లీటర్లలో, అదీ ఐదు నెలల ట్యాంక్‌లో, ఆ వైద్యం చేయలేరు.

కార్పెట్ గురించి ఒక్క మాట: వద్దు. మన దగ్గర షాపుల్లో కార్పెట్ అని దొరికేది ఎక్కువగా హద్దోనీ. ఇసుకలో పాదం దిగేసి బతికే జాతి, సముద్రంలో రెండడుగుల వెడల్పు దాటి పెరుగుతుంది. మీ ట్యాంక్ పొడవే రెండడుగులు! చేతికి అతుక్కుంటే చర్మం లాగినట్టు ఉంటుంది, నిద్రలో పక్కకి వచ్చిన చేపని అలాగే మింగేస్తుంది. మన సముద్రంలో దానితో కాపురం చేసేది సెబే క్లౌన్, మీ ఓసెల్లారిస్ కాదు.

నానో_బ్రో తమ్ముడూ, ఆ జాడీ కథ నిజమే. కాకపోతే ఇంగ్లాండ్ కాదు, స్కాట్లాండ్. 1828లో జాన్ డాలియెల్ అనే ఆయన ఒడ్డున రాళ్ళ మీద నుంచి తెచ్చింది, ఎడిన్‌బరాలో 1887 దాకా బతికింది. 'గ్రానీ' అని పేరు, ఆయన పోయాక కూడా ముప్పై ఆరేళ్ళు చేతులు మారుతూ బతికింది. కానీ అది చలినీళ్ళ బీడ్‌లెట్ జాతి. ఒంట్లో నాచు లేదు, లైటుతో పని లేదు. ఆటుపోట్ల మధ్య, ఎండా వానా రెండూ తినే రాయి మీద పుట్టింది. జాడీ దానికి పెద్ద కష్టమేం కాదు. ఈ రీఫ్ ఎనిమోన్ దానికి చుట్టమే, అలవాట్లు మాత్రం వేరు. నీ మూడు నెలలు కూడా అంతే తమ్ముడూ. గ్రానీ వయసుతో పోలిస్తే నీది ఇంకా పురుడు కూడా కాలేదు.

ఇప్పుడు నా పాపం చెప్తాను. 2018లో నాది రెండున్నర అడుగుల ట్యాంక్, నీళ్ళు 110 లీటర్ల దాకా. ఆరోగ్యంగా ఉన్న బబుల్ టిప్పే తెచ్చాను, గోధుమ రంగుది. రాయి సందులో పెట్టాను. తొమ్మిది రోజులు కదల్లేదు, నేను ఫోటోలు తీసి బంధువులందరికీ పంపించాను. దీనికి ఎముకా పెంకూ ఏమీ ఉండవు, నీళ్ళు నింపుకున్న సంచి. కింద పాదం ఉంటుంది, చోటు నచ్చకపోతే నడిచి వెళ్ళిపోతుంది. మనం పెట్టిన చోటు మనకి నచ్చింది, దానికి కాదు.

పదో రోజు తెల్లారుజామున వేవ్‌మేకర్ చప్పుడు మారింది. ఎప్పుడూ సన్నగా జుమ్మనేది, ఆ రోజు గొంతులో ఏదో పడినట్టు గురగుర. లేచి లైట్ వేస్తే నీళ్ళు బియ్యం కడిగిన కుడితిలా ఉన్నాయి. వేవ్‌మేకర్ జాలీలో జిగురుగా ఒక ముద్ద, అదే నా ఎనిమోన్. వాసన సంగతి చెప్పాలంటే, ఫిషింగ్ హార్బర్‌లో మూడు రోజుల నాటి గంప కింద ముక్కు పెట్టినట్టు. కలిపి ఉంచుకున్న ఉప్పునీళ్ళు 20 లీటర్లే ఉన్నాయి. మిగతా నీళ్ళ కోసం క్యాన్‌లు పట్టుకుని బీచ్‌కి పరిగెత్తాను. అక్టోబరు, ముందు రోజే వాన, అలలు మట్టి రంగులో ఉన్నాయి. అవే తెచ్చి పోశాను, అది ఇంకో తప్పు. సాయంత్రానికి రెండు క్లౌన్‌లు, ఒక రొయ్య పోయాయి. లెదర్ ఒక్కటే మిగిలింది, ఇప్పటికీ ఉంది.

ఇదంతా పెద్ద ట్యాంక్‌లో జరిగినా నష్టమే. కానీ నాలుగు వందల లీటర్లలో ఒక ఎనిమోన్ చస్తే ఎనిమోన్ చస్తుంది. 70 లీటర్లలో చస్తే ట్యాంక్ చస్తుంది.

మీ చివరి ప్రశ్నకి: లోటు మీకే. ఎనిమోన్‌లు వెయ్యికి పైగా రకాలుంటే క్లౌన్‌లకి ఆశ్రయమిచ్చేవి పదే. సముద్రంలో వేటాడే చేపలుంటాయి కాబట్టి క్లౌన్‌కి ఆ ముళ్ళ కంచె కావాలి. మీ ట్యాంక్‌లో దాన్ని తినేదెవరు, రొయ్యా? పైగా ఓసెల్లారిస్ సముద్రంలో బబుల్ టిప్‌లో ఉండదు, దాని ఇళ్ళు వేరే మూడు రకాలు. ట్యాంక్‌లో ఎక్కితే ఎక్కుతుంది, లేదంటే మూడేళ్ళు పక్కనుంచి వెళ్తూ కూడా చూడదు.

వనస్థలి_రీఫ్:

సార్, మీ పదో రోజు చదివాక రాత్రి రెండుసార్లు లేచి హాల్లోకి వెళ్ళి వేవ్‌మేకర్ చప్పుడు విన్నాను. ఎనిమోన్ ఇంకా కొననే లేదు!

తెలుపు రంగు సంగతి నాకు అస్సలు తెలియదు. అందుకే అంత బాగుందనుకున్నాను. ఆదివారం షాపుకి వెళ్ళి ఏమేం చూడాలో చెప్తారా? కొన్నా కొనకపోయినా, ఒకసారి సరిగ్గా చూసి వస్తాను.

ప్లేనో_పిన్ని:

నేను టెక్సాస్ నుంచి. జోడుగుళ్ళపాలెం గారి మాటల్లో దేనికీ అడ్డు చెప్పను గానీ, ఎనిమోన్ అంటేనే భయపడాల్సిన పని లేదని చెప్పడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా. నా దగ్గర బబుల్ టిప్ ఐదేళ్ళ పైనే ఉంది.

షాపులో చూడాల్సింది ముందు నోరు. ఎనిమోన్ మధ్యలో ఉంటుంది, చిన్న గీతలా గట్టిగా మూసుకుని ఉండాలి. తెరుచుకుని లోపలి పొరలు బయటకి వేలాడుతుంటే వెనక్కి వచ్చేయండి. రెండోది పాదం, రాయికో గాజుకో పట్టుకుని ఉండాలి, చిరుగు ఉండకూడదు. షాపువాళ్ళు తొందరగా పీకేటప్పుడు చింపేస్తారు. మూడోది, వాళ్ళనే టెంటకిల్స్ (నోటి చుట్టూ ఉండే వేళ్ళలాంటివి) తాకమనండి, అతుక్కోవాలి. రంగు గురించి సార్ చెప్పారు.

నాది 40 గ్యాలన్ల బ్రీడర్ రకం ట్యాంక్, అంటే 150 లీటర్లు. అయినా ట్యాంక్‌కి పద్నాలుగు నెలలు నిండాకే తెచ్చాను, అదీ సముద్రంలోంచి తీసింది కాదు, ఇక్కడ క్లబ్బులో ఒకరి ఎనిమోన్ రెండుగా చీలితే అందులో ఒకటి. బబుల్ టిప్ అలా తనంతట తానే చీలి రెండవుతుంది. నాది కూడా చీలింది, మూడయ్యాయి, రెండు పంచిపెట్టాను. మన దగ్గర గోంగూర కొమ్మలు ఇచ్చుకుంటామే, అలాగే. ట్యాంక్‌లో పెరిగిన పిల్ల దొరికితే సగం గొడవ వదిలినట్టే.

రాళ్ళ మధ్య దానికోసం విడిగా ఒక గుట్ట కట్టాను, చుట్టూ ఇసుక. బబుల్ టిప్‌కి పాదం దాచుకోవడానికి లోతైన సందు కావాలి, అది దొరికితే మామూలుగా ఇసుక దాటి రాదు. "మామూలుగా" అన్నాను, గమనించండి. మొదటి నెలలో రెండుసార్లు దాటి వచ్చి, నాకు ప్రాణమైన జోయాంథిడ్ గుత్తి మీద కూర్చుని సగం కాల్చేసింది. వేవ్‌మేకర్లు రెండిటికీ స్పాంజ్ తొడిగాను, వారానికోసారి పిండి కడగాలి, మానేస్తే నీటి ప్రవాహం సగమైపోతుంది. మీ రెండడుగుల్లో గుట్టకీ గోడకీ మధ్య అడుగు దూరం కూడా రాదు. చెయ్యి చాపితే అన్నీ అందే వంటగది మనకి సౌకర్యం, పక్కనున్న కోరల్స్‌కి కాదు.

కరెంటు గురించి ఒకటి చెప్పాలి. 2021 ఫిబ్రవరిలో ఇక్కడ మంచు తుఫానుకి రోజుల తరబడి కరెంటు పోయింది. ట్యాంక్‌కి రెండు రజాయిలు చుట్టి, బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ పెట్టి కూర్చున్నాం. నీళ్ళు 66 ఫారెన్‌హీట్‌కి, అంటే మీ లెక్కలో 19కి పడిపోయాయి. ఎనిమోన్ నిమ్మకాయంత ముడుచుకుంది. పోయిందనే అనుకున్నా, కరెంటొచ్చిన నాలుగో రోజుకి విప్పుకుంది. కానీ అది చలి. మీ ఇబ్బంది వేడి. నీళ్ళు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది, ప్రాణులకేమో అప్పుడే ఎక్కువ కావాలి. మీరు ఇంకా ఒక్క ఎండాకాలం కూడా చూడలేదు కదా. మే దాటించండి, ఆ తర్వాత మాట్లాడుకుందాం.

క్లౌన్‌లకి ఏదో ఒక మెత్తటి పరుపు కావాలనుకుంటే హామర్ కోరల్ పెట్టండి. నడవదు, చాలా క్లౌన్‌లు ఎక్కుతాయి.

జోడుగుళ్ళపాలెం:

పిన్నిగారూ, హామర్ మీ ఊళ్ళో చెల్లుతుంది, ఇక్కడ కాదు. హామర్ హార్డ్ కోరల్, అంటే గట్టి అస్థిపంజరం ఉన్న పగడం. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో హార్డ్ కోరల్స్ అన్నీ షెడ్యూల్ 1లో ఉన్నాయి, పులి ఉన్న జాబితాలోనే. షాపుల్లో దొరుకుతోంది కదా అని కొనకండి. కోరల్ రాయి కూడా అంతే, మీరు సిరామిక్ రాళ్ళు పెట్టి మంచి పని చేశారు. మీ టోడ్‌స్టూల్ ఉంది కదా, అది అరచేయంత అయ్యాక క్లౌన్‌లు ఎక్కే అవకాశం బాగానే ఉంటుంది. వేవ్‌మేకర్ గాలి నేరుగా తగలకుండా కొంచెం పక్కకి జరపండి, తొందరగా పెరుగుతుంది. ఇక్కడ గాలి అన్నది నీటి గాలి, మా ట్యాంక్ వాళ్ళ భాష.

పాపకి ఎనిమోన్ చూపించాలంటే ఒకసారి విశాఖ తీసుకురండి. అమావాస్యకో పౌర్ణమికో నీళ్ళు బాగా వెనక్కి పోయినప్పుడు, మా పాలెం రాళ్ళ గుంటల్లో ఉంటాయి. నీళ్ళలో ఉన్నవి విప్పుకుని ఉంటాయి, బయటపడ్డవి ఒంటికి ఇసుకా గవ్వ ముక్కలూ అంటించుకుని గుండీలా ముడుచుకుంటాయి. కాలు వేసేదాకా కనపడవు. పీకి మాత్రం తీసుకెళ్ళనివ్వను.

వనస్థలి_రీఫ్:

ఆదివారం రాయాల్సింది, బుధవారం అయింది. క్షమించండి.

పాపని తీసుకుని వెళ్ళాను. షాపతను వేరేవాళ్ళకి బిల్లు వేస్తుంటే మేమిద్దరం తొట్టి ముందు చాలాసేపు నిలబడ్డాం. వారంలో సైజు తగ్గింది, పోయినసారి అరచేయంత అన్నాను కదా, ఇప్పుడు టీ సాసర్ కంటే చిన్నది. ఫోన్ టార్చ్ వేస్తే ఒళ్ళు అద్దంలా ఉంది, వెనక ఉన్న పైపు కనపడుతోంది. నోరు తెరుచుకునే ఉంది. పాప "దాని మొహం ఎక్కడుంది నాన్నా" అని అడిగితే ఆ నోరు చూపించాను. కాసేపు చూసి "ఆవలిస్తోందా" అంది. ఏం చెప్పాలో తోచలేదు, "ఒంట్లో బాగోలేదురా" అన్నాను.

టెంటకిల్స్ తాకమంటే షాపు కుర్రాడు వేలు పెట్టాడు. అతుక్కోలేదు. తడి టిష్యూ పేపర్‌లా పక్కకి జరిగింది. పాదం మాత్రం బాగానే ఉంది, అది ఒక్కటే బాగుంది.

నేను ఆలోచిస్తున్నానని పసిగట్టి 1,500కి ఇస్తానన్నాడు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఇంకోలా ఊగాను. ధర తగ్గిందని కాదు, అక్కడ వదిలేస్తే చస్తుందేమో, మనం తీసుకెళ్తే బతుకుతుందేమో అని. తర్వాత నా 70 లీటర్లూ, రొయ్యా గుర్తొచ్చాయి. మనం ఒకటి కొంటే అదే తొట్టిలోకి వచ్చే వారం ఇంకోటి వస్తుంది, అది కూడా గుర్తొచ్చింది. వద్దన్నాను. అతను ఏమీ అనుకోలేదు. "మీ ఇష్టం సార్, హైదరాబాద్‌లో వారంలో పోతుంది ఇది" అన్నాడు. అమ్ముడుపోతుందన్నాడో, చచ్చిపోతుందన్నాడో దారి పొడుగునా ఆలోచిస్తూ వచ్చాను.

ఎనిమోన్ డబ్బులతో రెండు చిన్న ఫ్యాన్‌లు, ఒక బ్యాటరీ ఎయిర్ పంప్ తెచ్చాను. టోడ్‌స్టూల్‌ని సార్ చెప్పినట్టు కుడివైపుకి జరిపాను. రెండు రోజులు ముడుచుకుని అలిగి కూర్చుంది, ఈ రోజు పొద్దున సగం విప్పుకుంది. క్లౌన్‌లు ఇంకా హీటర్ వెనకే. పాప ఆ మూలకి స్కెచ్ పెన్నుతో ఒక కాగితం రాసి గాజుకి బయట అంటించింది, "టు లెట్ లేదు" అని.

ఎండలు పెరిగాయి కదా, నిన్న మధ్యాహ్నం నీళ్ళు 28.4. ఒక ఫ్యాన్ నీళ్ళ మీదకి తిప్పి పెడితే రెండు గంటల్లో 26.8కి దిగింది. ఆనందంగా మా ఆవిడని పిలిచి చూపించాను. ఈ పొద్దున చూస్తే నీటి మట్టం ఒక వేలు తగ్గింది, సాలినిటీ 1.026 దాటింది. ఇదే మేలో ఎలా?

జోడుగుళ్ళపాలెం:

ఆ చల్లదనం నీళ్ళు ఆవిరవడం వల్లే వచ్చింది కాబట్టి మట్టం తగ్గడం మామూలే. ఉప్పు ఆవిరవదు, అందుకే సాలినిటీ పెరిగింది. తగ్గినంతా డీఐ నీళ్ళతోనే నింపండి, ఉప్పు కలిపినవి పోయకండి. ఒకేసారి కాదు, పొద్దునా సాయంత్రం. గాజు మీద మార్కర్‌తో గీత పెట్టుకుని, వారం రోజులు రోజుకెన్ని లీటర్లు పడుతున్నాయో ఇక్కడ రాయండి. అది తెలిస్తే ఆటో టాప్ అప్‌కి (తగ్గిన నీళ్ళని తనంతట తానే నింపే పరికరం) ఎంత డబ్బా కావాలో చెప్తాను.